మన ఆవరణలో ఏ పూలు నాటుదాం?
(తుమ్మెదలకూ, అడవి తేనెటీగలకూ తిండి పెట్టే అలంకరణ మొక్కలు)

ప్రతి ఏటా వార్షికోత్సవం నాడు పాత విద్యార్థులు తలా ఒక మొక్క తెచ్చి హాస్టల్ ఆవరణలో నాటడం మనకు ఆనవాయితీగా వస్తోంది. వార్డెన్ గారు ముందురోజే గుంటలు తీయిస్తారు. తమ్ముళ్లు బకెట్లతో నీళ్లు మోస్తారు. అందరం ఫొటో దిగుతాం. ఏ మొక్క తేవాలన్నది మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించరు. దారిలో నర్సరీ కనబడితే ఆగి, ఆ రోజు నిండుగా పూసి ఉన్నది ఏదైతే అది కొనుక్కొస్తాం. ఈ వ్యాసం ఆ ఒక్క విషయం గురించే. కంటికి ఇంపుగా ఉండే పూలన్నీ ఈగలకు తిండి పెట్టవు. తిండి పెట్టేవాటిలో కంటికి ఇంపైనవి చాలానే ఉన్నాయి. ఖర్చు రెండింటికీ ఒకటే, కొన్నిసార్లు రెండోదానికే తక్కువ.

తేనెటీగ అంటే ఒక్క జాతి కాదు

తేనెటీగ అనగానే మనకు పెట్టెల్లో పెంచే ఈగ గుర్తొస్తుంది. ప్రపంచంలో ఇప్పటివరకు 20,000కు పైగా తేనెటీగ జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటిలో తేనె కూడబెట్టి పట్టు కట్టేవి చాలా కొద్ది. మిగిలినవాటిలో అత్యధికం ఒంటరి ఈగలు. వాటికి రాణీ లేదు, కూలీలూ లేరు. ఆడ ఈగ ఒక్కతే గూడు కట్టుకుంటుంది, పుప్పొడీ మకరందమూ కలిపి ముద్ద చేసి పెడుతుంది, దాని మీద గుడ్డు పెట్టి గది మూసేస్తుంది. అలా కొన్ని గదులు నింపి చనిపోతుంది. పిల్ల ముఖం చూసే అవకాశం చాలా జాతుల్లో తల్లికి ఉండదు.

మన పట్టణంలో, మన కాంపౌండు గోడ లోపలే, కాస్త ఓపిగ్గా చూస్తే కనబడేవి ఇవి. వాటర్ ట్యాంకు కింద, ఎత్తయిన సజ్జాల కింద మీటరు దాకా వెడల్పయిన ఒకే పట్టు పెట్టేది కొండ తేనెటీగ. గోరింట పొదలో కొమ్మకు అరచేతంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. చెట్టు తొర్రల్లో, గోడ సందుల్లో వరసగా పట్లు పెట్టేది మన దేశవాళీ పుట్ట తేనెటీగ. మీటరు పెట్టెల్లో, గోడ పగుళ్లలో మైనపు గొట్టంలాంటి ద్వారం కట్టుకుని దోమంత ఈగలు తిరుగుతుంటాయి చూడండి, అవి కొండి లేని తేనెటీగలు, కుట్టలేవు.

ఇక ఒంటరివాటిలో అందరికీ తెలిసినది తుమ్మెద. నల్లగా నిగనిగలాడుతూ, పెద్ద మోతతో వచ్చి ఎండుకట్టెలో గుండ్రటి రంధ్రం తొలుచుకునేది ఇదే. కట్టెను తినదు, తొలిచి పొట్టు బయట పారేసి లోపల పిల్లల గదులు కట్టుకుంటుంది. పొట్ట మీద మెరిసే నీలి చారలతో ఒక్కచోట నిలవకుండా తిరిగేది నీలిచారల ఈగ. మెత్తని మట్టిగట్టుల్లో, పాత మట్టిగోడల్లో గూడు చేస్తుంది. దీని మగ ఈగలకు గూడు ఉండదు. సాయంత్రం చీకటి పడేవేళ ఎండిన పుల్లను దవడలతో కరిచి పట్టుకుని, వరసగా వేలాడుతూ నిద్రపోతాయి. స్టడీ అవర్ మొదలయ్యే ముందు గోడ పక్క ఎండుపుల్లల దగ్గరికి వెళ్లి చూడండి. చూసిన తరువాత పరీక్షల కోసం బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఇంకొకటి ఆకుకత్తెర ఈగ. గులాబీ ఆకు అంచున, కాగితం పూల చెట్టు ఆకు అంచున కత్తెరతో కత్తిరించినట్టు గుండ్రటి ముక్కలు పోయి ఉంటే అది తెగులు కాదు. ఈ ఈగ ఆ ముక్కలను తీసుకెళ్లి వెదురు బొంగులోనో గోడ రంధ్రంలోనో చుట్టి పిల్లలకు గదులు కట్టుకుంటుంది. దానికి మందు కొట్టడం వృథా ఖర్చు. ఆకులో పదోవంతు పోయినా మొక్కకు వచ్చే నష్టం లేదు.

ఈ ఈగలతో మనకేం పని?

మన మెస్‌లో వారానికి ఎన్నిసార్లు వంకాయ, ఎన్నిసార్లు టమాటా పప్పు వస్తుందో లెక్క చెప్పనక్కరలేదు. ఆ రెండు మొక్కల పూలలో ఒక విశేషం ఉంది. మామూలు పువ్వులో పరాగకోశం నిలువునా చీలి పుప్పొడి బయటికొస్తుంది. వంగ, టమాటా పూలలో పరాగకోశాలు గొట్టాల్లా ఉండి పుప్పొడి కొసనుంచే బయటికి రావాలి. ఉప్పు డబ్బాను వంచి ఊపితేనే ఉప్పు పడినట్టు, పువ్వును వేగంగా అదిరిస్తేనే పుప్పొడి రాలుతుంది. తుమ్మెద, నీలిచారల ఈగ ఆ పని చేస్తాయి. పువ్వును కరిచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండా రెక్కల కండరాలను మాత్రమే సెకనుకు 200 నుంచి 400 సార్లు దాకా అదిరిస్తాయి. అప్పుడు వచ్చే ‘జుయ్’ మనే చప్పుడు ఎగిరేటప్పటి మోతకన్నా సన్నగా, హెచ్చు స్థాయిలో ఉంటుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు. గాలికి కదిలినా కొంత పుప్పొడి రాలి కాయ కాస్తుంది, కాదనను. ఈగ వచ్చిన పువ్వుకు పిందె బాగా నిలుస్తుంది.

ప్రయోగశాలలో శ్రుతిదండం ఉంటే మాస్టారి అనుమతితో ఒకటి తీసుకెళ్లి, మోగించి, విచ్చిన వంగపువ్వు కేసరాలకు ఆనించండి. కింద నల్లకాగితం పెట్టుకోండి. పచ్చని పొడి రాలుతుంది. తొమ్మిదో తరగతి ధ్వని పాఠమూ, పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠమూ ఒకే పువ్వులో కనబడతాయి.

గుమ్మడి, దోస, కాకరలలో మగపూలు వేరు, ఆడపూలు వేరు. అక్కడ ఈగ రాకపోతే కాయే లేదు.

పుప్పొడిని ఒక పువ్వునుంచి మరో పువ్వుకు చేర్చడం ఎంత శ్రమో మనలో కొందరి ఇళ్లలో బాగా తెలుసు. కర్నూలు, పాలమూరు, గద్వాల ప్రాంతాల హైబ్రిడ్ పత్తి విత్తన చేలల్లో ‘క్రాసింగ్’ పని మన అమ్మలూ అక్కలూ చేసినదే. సాయంత్రం ఆడ మొక్క మొగ్గను ఒలిచి కేసరాలన్నీ తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి కీలాగ్రానికి రుద్దాలి. వంగిన నడుము ఎత్తకుండా రోజుకు వందల పూలు. 1990లలో, 2000 తరువాతి తొలి ఏళ్లలో ఈ పనిలో చదువు మానిన ఆడపిల్లలే ఎక్కువగా ఉండేవారని అప్పటి నివేదికలన్నీ చెప్పాయి. వాళ్లలో కొందరు పనినుంచి తప్పించుకుని వచ్చి చేరినది మన హాస్టళ్లలోనే. అక్కడ చేత్తో చేయడానికి కారణం ఈగలు లేకపోవడం కాదు. ఏ తండ్రి మొక్క పుప్పొడి ఏ తల్లి మొక్కకు చేరిందో కచ్చితంగా తెలియాలి కాబట్టి ఈగను నమ్మరు. కానీ ఆ కూలి ఎంతో తెలిసినవాళ్లకు, ఈగ కూలి అడగకుండా చేసే పని విలువ ఎంతో వేరే చెప్పాలా?

ముద్ద పువ్వు, రేక పువ్వు

ఇక మొక్కల సంగతికి వద్దాం. దీనికి కావలసిన మొదటి సూత్రం మన భాషలోనే ఉంది. ముద్దమందారం, రేకమందారం. ముద్దబంతి, రేకబంతి. రేక పువ్వులో ఆకర్షణ పత్రాలు ఒక్క వరసే ఉంటాయి, మధ్యలో కేసరాలు, మకరందం ఈగకు అందుతాయి. ముద్ద పువ్వులో కేసరాల్లో చాలా భాగం రేకులుగా మారిపోయి ఉంటాయి. అంటే పుప్పొడి తయారు కావలసిన చోట రంగు తయారైంది. మకరందం ఉన్నా దారి మూసుకుపోయి ఉంటుంది. నర్సరీవాళ్లు ముద్ద రకాలే ఎక్కువ పెంచడం సహజం, మనం అవే అడుగుతాం కనుక. జడలోకి, దండలోకి ముద్దబంతి బాగుంటుంది. ఈగకు అది అన్నం లేని పళ్లెం.

ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో గార్బుజోవ్, రాట్నిక్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2011, 2012 వేసవుల్లో 32 రకాల తోటపూలను పక్కపక్కన నాటి, దేనిమీద ఎన్ని ఈగలు వాలుతున్నాయో లెక్కపెట్టారు. 2014లో ఫలితాలు ప్రచురించారు. ఈగలను బాగా ఆకర్షించిన మొక్కకూ, అతి తక్కువ ఆకర్షించిన మొక్కకూ తేడా సుమారు 100 రెట్లు! విచ్చిన డాలియాల మీద వాలినన్ని ఈగలు ముద్ద డాలియాల మీద వాలలేదు. ఆ మొక్కలన్నీ చలిదేశానివి, లావెండర్ తెచ్చి మన ఎండలో పెంచమని నేను చెప్పడం లేదు. మొక్కకూ మొక్కకూ తేడా అంత ఉంటుందన్నదే మనకు కావలసిన సంగతి. బ్రిటన్‌లోనే బ్రిస్టల్, రీడింగ్, లీడ్స్, ఎడిన్‌బరో నగరాల్లో జరిగిన మరో అధ్యయనం 2019లో వెలువడింది. నగరంలో ఈగలకు పెద్ద ఆధారం ఇళ్ల తోటలూ, కూరగాయల మడులేనని అందులో తేలింది. మన హాస్టల్ వెనక వంగమడి పార్కుకన్నా తక్కువదేమీ కాదన్నమాట.

రెండో సంగతి రంగు. తేనెటీగ కన్ను అతినీలలోహిత కాంతిని, నీలాన్ని, ఆకుపచ్చను పట్టుకుంటుంది. మనకు మండిపోతున్నట్టు కనబడే ఎరుపు దానికి ఇంచుమించు నలుపు. ఈగలకు రంగులు తెలుసునని పరీక్షలు చేసి నిరూపించినవాడు కార్ల్ ఫాన్ ఫ్రిష్. తేనెటీగల నాట్యభాషను విప్పిచెప్పినందుకు ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. నీలం, ఊదా, పసుపు, తెలుపు పూలు ఈగలకు తేలిగ్గా కనబడతాయి.

మూడోది పువ్వు ఆకారం. నూరువరహాల పువ్వు గొట్టం సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అందులోని తేనె సీతాకోకచిలుక తొండానికే అందుతుంది. మల్లె, పారిజాతం, నందివర్ధనం లాంటివి తెల్లగా ఉండి రాత్రివేళ తిరిగే పురుగుల కోసం పూసేవి. వాటిని వద్దనడం లేదు, మల్లెపందిరి లేని ఆడపిల్లల హాస్టల్ ఉంటుందా? అవి ఈగల లెక్కలోకి రావు, అంతే.

మరి ఏవి నాటాలి? నా జాబితాలో మొదటిది తంగేడు. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు మూలం. ఈ పువ్వులో మకరందం ఒక్క చుక్క ఉండదు. ఉన్నదంతా పుప్పొడే, అది కూడా వంగపువ్వులో లాగే కొస రంధ్రంలోంచి రావాలి. అందుకే తంగేడు పొద దగ్గర తుమ్మెద మోత వినబడుతుంది. పువ్వులో కేసరాలన్నీ ఒకే పొడవు ఉండవు. మధ్యలో ఉన్నవి ఈగకు తిండి, పొడుగ్గా వంగి ఉన్నవి ఈగ ఒంటికి పుప్పొడి పూసి పంపేవి. ఇంటికి వచ్చిన చుట్టానికి భోజనం పెట్టి, చేతిలో ఉత్తరం పెట్టి పంపినట్టు! ఊరి శివార్లలో ప్లాట్లు చదును చేసేటప్పుడు మొదట పోయేది తంగేడు పొదే. పూల కోసం ఏటా ఇంకా దూరం పోవలసివస్తోంది. నీళ్లు అడగదు, మేకలు ముట్టవు, రాతినేలలో బతుకుతుంది. ఇంత మంచి మొక్క నర్సరీల్లో అరుదుగా దొరుకుతుంది కాబట్టి విత్తనమే తెచ్చి, గరుకు నేలకు కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి నాటుకోవాలి. దీని బంధువే రేల. ఎండాకాలంలో ఆకులు రాల్చి పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. అక్కడికీ తుమ్మెదలు వస్తాయి.

తులసి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వెన్నులు రాగానే తుంచేసే అలవాటు మనకుంది, మొక్క గుబురుగా పెరగాలని. రెండు మొక్కలకు తుంచండి, రెండింటికి వదిలేయండి. వదిలినవాటి మీద నీలిచారల ఈగలూ, చిన్న తేనెటీగలూ పొద్దంతా ఉంటాయి. రుద్రజడ, భూతులసి కూడా ఇంతే. కుండీలో పెరుగుతాయి, కొమ్మ గుచ్చితే చాలు.

చలికాలానికి డిసెంబరాలు. ఊదారంగు పువ్వు, ఈగలకు నచ్చే రంగు, తలలో పెట్టుకోవడానికి చెల్లెళ్లకు నచ్చే రంగు. కనకాంబరంతో పోల్చి చూడండి. మార్కెట్లో దొరికే ఢిల్లీ కనకాంబరం విత్తనమే కట్టని త్రయస్థితిక రకం. పూలబుట్టకు లాభం, ఈగకు ఏమీ లేదు.

పొద్దుటి పూట తొమ్మిది గంటలకు విచ్చే టేబుల్ రోజ్ కూడా రేక రకమే తెచ్చుకోవాలి. పగిలిన బకెట్లో, పాత టైరులో వేసినా పరుచుకుంటుంది. కొండి లేని బుల్లి ఈగలు అందులో పుప్పొడి పూసుకుని పచ్చగా తయారవుతాయి. రేక కాస్మోస్, రేక జిన్నియా, పొద్దుతిరుగుడు – ఇవి పరదేశపు మొక్కలే అయినా గింజ పది రూపాయలకు దొరుకుతుంది, రెండు నెలల్లో పూస్తాయి. నాటు మొక్క తప్ప ఏదీ నాటకూడదని పట్టుబట్టేవారున్నారు. నా ఉద్దేశంలో అది సగం నిజం. చాలా ఈగలు పువ్వు తెరిచి ఉండి తిండి ఉంటే అది మెక్సికో మొక్కా మెదక్ మొక్కా అని అడగవు. కాకపోతే విచ్చలవిడిగా పాకి పక్కవాటిని చంపే పరదేశీలతో జాగ్రత్త. గులాబీరంగు పూలతో గోడలమీద పాకే కోరల్ తీగ మీద ఈగలు ముసురుతాయి, నిజమే. కానీ దాని దుంపలు నేలలో ఉండిపోయి మళ్లీ మళ్లీ లేస్తాయి. గేటు మీది ఆర్చీకి ఒక్కటి చాలు, కత్తిరించిన ముక్కలు చెరువు గట్టున పారేయకండి. లాంటానా (తలంబ్రాల చెట్టు) అసలే వద్దు.

పెద్ద చెట్లలో కానుగ, వేప ఉన్నచోట కొట్టనివ్వకండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పట్టణంలోని ఈగలకు అవే పెద్ద ఆధారం. మెస్ వెనక ఒక మునగ నాటితే ఆకూ కాయా వంటకు, పువ్వు తుమ్మెదకు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. సుబ్బారెడ్డి, ఆచార్య ఎ.జె. సాల్మన్ రాజు గార్లు ఏళ్ల తరబడి పూలకూ ఈగలకూ మధ్య సంబంధాలను పరిశోధించారు. సాల్మన్ రాజు గారు సహచరునితో కలిసి మన దేశపు రెండు తుమ్మెద జాతుల గూళ్లు, అవి వెళ్లే పూల గురించి రాసిన పత్రం 2006లో ‘కరెంట్ సైన్స్’లో అచ్చయింది. డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చదువుతున్న మన పాత విద్యార్థులు లైబ్రరీలో వెతికి చదవదగినది.

నాటకూడనిదొకటి ఉంది. మొగ్గ నొక్కితే నీళ్లు చిమ్మే ఎర్రపూల చెట్టు – స్పాథోడియా. చిన్నప్పుడు అందరం ఆ మొగ్గలతో ఆడుకున్నవాళ్లమే. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ చెట్టు పూలలో కొండి లేని ఈగలు చచ్చిపడి ఉండటం బ్రెజిల్ శాస్త్రజ్ఞులు చాలాకాలం క్రితమే గమనించారు. అక్కడి శాంటా కాటరీనా రాష్ట్రం 2019లో చట్టం చేసి దీని పెంపకాన్ని నిషేధించింది.

తిండి ఒక్కటే చాలదు

నగరంలో ఈగకు తిండికన్నా ముందు కరువయ్యేది చోటు. తేనెటీగ జాతుల్లో మూడింట రెండు వంతులకు పైగా నేలలోనే గూడు చేసుకుంటాయి. ఆవరణ మొత్తం గచ్చు చేయించి, టైల్స్ పరిపించడం అభివృద్ధి అనుకుంటున్నాం. వానాకాలంలో బురద బాధ నాకూ తెలుసు. నడిచే దారికి టైల్స్ వేయించండి, తూర్పువైపు గోడ వెంట రెండు మూడు గజాల వెడల్పున ఎండ తగిలే మట్టినేల వదిలేయండి. పారతో తిరగేయకండి. ఎండిన మునగకొమ్మ ఒకటి, గణుపుల దగ్గర కోసిన వెదురు బొంగులు నాలుగు వాన తగలనిచోట అడ్డంగా కట్టి ఉంచితే తుమ్మెదలకూ ఆకుకత్తెర ఈగలకూ ఇళ్ల స్థలాలు ఇచ్చినట్టే. చిన్న జాతులు గూటినుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోలేవు. ఊరి బయట అడవి ఉందిలే అంటే వాటికి కుదరదు, ఇల్లూ తిండీ ఒక్క ఆవరణలోనే దొరకాలి.

మందుల సంగతి. 2017లో ఇంగ్లండులో దుకాణాల్లో అమ్మే 29 పూలమొక్కలను కొని పరీక్షిస్తే పురుగుమందు జాడ లేనివి రెండే దొరికాయి. అమ్మకానికి పెట్టినప్పుడు ఇవి ఈగలకు మంచివని రాసి ఉన్న మొక్కలే అవన్నీ! ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు మొక్క రసంలో కలిసి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరతాయి. కాబట్టి కడియం నర్సరీనుంచి వచ్చినా, వీధి చివర నర్సరీనుంచి వచ్చినా ఏ మందు కొట్టారో అడగండి. వీలైనంతవరకు గింజ వేసో, కొమ్మ గుచ్చో మనమే పెంచుకుంటే ఆ బెడద లేదు. డబ్బూ మిగులుతుంది.

చివరిగా ట్యాంకు కింది తేనెపట్టు. కొండ తేనెటీగలు పూలకాలం అయిపోగానే తమంతట తామే వలస పోతాయి. ఈలోగా ఎవరో కుర్రవాడు రాయి విసరడం, రాత్రిపూట కాగడాతో కాల్చడం – రెండూ ప్రాణాంతకం, ఈగలకే కాదు. రెచ్చిన పట్టు మొత్తం మీద పడితే మనిషి చనిపోవచ్చు. పట్టు కింద ఆడకండి, పొగ పెట్టకండి, సెంటు పూసుకుని దగ్గరికి పోకండి. పిల్లలు తిరిగే దారికి మరీ దగ్గరగా ఉంటే వార్డెన్ గారికి చెప్పి, పట్టు తీయడంలో అనుభవం ఉన్నవారిని పిలిపించాలి. పొరపాటున ఎవరినైనా చాలా ఈగలు కుట్టినా, ఒక్కటే కుట్టి ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా పసరు వైద్యం కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒంటరి ఈగల సంగతి వేరు, వేళ్లతో పట్టుకుంటే తప్ప కుట్టవు, మగవాటికి కొండే ఉండదు.

లెక్కపెట్టే పని

మన ఊళ్లో ఏ పువ్వుకు ఎన్ని ఈగలు వస్తాయో పుస్తకంలో దొరకదు. మనమే లెక్కపెట్టాలి, కష్టమేమీ లేదు. సెలవురోజు ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య, ఎండ ఉన్నప్పుడు, ఇద్దరిద్దరుగా ఒక్కో మొక్క ముందు సరిగ్గా అయిదు నిమిషాలు నిలబడండి. ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. మొక్క పేరు, విచ్చిన పూలు ఎన్ని, వాలిన ఈగలు ఎన్ని – తుమ్మెదలు, నీలిచారలవి, బుల్లివి, పట్టు పెట్టేవి విడివిడిగా. నెలకు రెండుసార్లు చొప్పున జూలై నుంచి మార్చి దాకా చేస్తే ఏ నెలలో పూలు కరువో కూడా తెలుస్తుంది. ముద్దబంతీ రేకబంతీ పక్కపక్కన ఉన్నచోట తప్పకుండా లెక్కపెట్టండి, నేను చెప్పింది నిజమో కాదో తేలిపోతుంది. కాగితాలు గోడపత్రిక పక్కన అంటించి ఉంచండి. వచ్చే వార్షికోత్సవానికి వచ్చే పాత విద్యార్థులకు ఆ పట్టికనుంచే మొక్కల పేర్లు రాసి ముందుగా ఉత్తరమో, ఫోన్ సందేశమో పంపవచ్చు. తంగేడు గింజలు మాత్రం కాయలు ఎండిన తరువాత, జనవరి ఫిబ్రవరిల్లో సెలవులకు ఊరు వెళ్లినవాళ్లు జేబులో వేసుకుని రావాలి.